నాష్‌విల్ సీరియల్ పాటల్లో నాకు నచ్చినవి: రెండో గొంతు వినండి

నమస్తే అండీ, బాగున్నారా? ఈసారి ఫోన్లు, గాడ్జెట్లు ఏమీ లేవు. గిటార్ పక్కన పెట్టుకుని కూర్చున్నా, చూశారుగా. ఇవాళ పాటల గురించి. తెలుగు పాటలు కావు, కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లె బాణీ పాటలు. ఆగండాగండి, వీడియో మార్చకండి. ఒక్క ఐదు నిమిషాలు వినండి, తర్వాత మీ ఇష్టం.

ఇదంతా మొదలైంది మా పిన్ని వల్ల. కిందటేడు రాజమండ్రి నుంచి మా ఇంటికి వచ్చింది, ఆరు నెలలుంది. నేనుండేది అమెరికాలో, టెనెస్సీ రాష్ట్రంలోని నాష్‌విల్ శివార్లలోనే కదా, ఊరి పేరుతోనే ఒక సీరియల్ ఉంది చూద్దువు రా పిన్నీ అని పెట్టాను. మొదటి ఎపిసోడ్ చివర్లో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చిన్న హోటల్లాంటి చోట మైకు ముందు నిలబడి పాడతారు. మా పిన్ని బఠాణీలు వలుస్తూ వలుస్తూ ఆపి, "అదేంట్రా, ఒకళ్ళు పాడుతుంటే ఇంకొకళ్ళు ఆగరా?" అంది.

నేను నవ్వాను గానీ, ఆ రాత్రి పడుకున్నాక అదే మాట తిరిగింది బుర్రలో. నిజమే కదా! మన డ్యూయెట్ ఎలా ఉంటుంది? ఆయన పల్లవి అందుకుంటాడు, ఆవిడ రెండో లైను అందుకుంటుంది. చరణం ఆయనది, మళ్ళీ చరణం ఆవిడది. వంతులు. మహా అయితే చివర్లో ఇద్దరూ కలిసి పల్లవి పాడతారు, అదీ ఒకే స్వరంలో. కంట్రీలో అలా కాదు. అవే మాటలు, అదే క్షణంలో, ఒకరు ఒక మెట్టు మీద, ఇంకొకరు ఇంకో మెట్టు మీద. విడిపోరు, కలిసిపోరు. దాన్ని వీళ్ళు హార్మనీ అంటారు. ఈ వీడియోలో నేను రెండో గొంతు అంటాను.

ఒరిజినల్ పాట వినిపిస్తే నా ఛానెల్‌కి స్ట్రైక్ పడుతుంది, అందుకని నా గొంతుతోనే భరించండి. శంకరాభరణం రాగం అనుకోండి. మొదటి గొంతు: గ గ రి స. (పాడుతూ) ఇప్పుడు రెండో గొంతు దాని మీద: ప ప మ గ. రెండూ విడివిడిగా వింటే ఏమీ లేదు, పిల్లల సరళీ స్వరాలు. రెండూ ఒకేసారి... నేను ముందే ఫోన్లో రికార్డు చేసి పెట్టుకున్నా, వినండి. (ప్లే) ఆ చిన్న మెరుపు వచ్చింది చూశారా? దానికోసమే ఈ వీడియో.

సరే, సీరియల్ ఏంటో రెండు ముక్కల్లో చెప్పేస్తా. పేరు నాష్‌విల్. 2012 అక్టోబరులో ఏబీసీ ఛానెల్లో మొదలైంది. నాలుగు సీజన్ల తర్వాత 2016లో వాళ్ళు ఆపేస్తే సీఎంటీ అనే ఇంకో ఛానెల్ వాళ్ళు తీసుకుని ఇంకో రెండు నడిపారు. 2018 జులైలో అయిపోయింది, మొత్తం 124 ఎపిసోడ్లు. రేనా జేమ్స్ అని ఒక పెద్ద గాయని, వయసు నలభై దాటింది, టికెట్లు తెగడం తగ్గింది. జూలియెట్ బార్న్స్ అని కుర్ర స్టార్, స్టేడియాలు నింపేస్తుంది. ఇద్దరి మధ్యా నలిగేవాడు గిటారిస్టు డీకన్, రేనాకి పాత ప్రేమికుడు, మందు మానేసిన మనిషి. కథ సంగతి అడిగితే మన డైలీ సీరియల్‌కి ఏమీ తీసిపోదు. రహస్య సంతానం, ఎన్నికలు, యాక్సిడెంట్లు, అన్నీ ఉన్నాయి. నాలుగో సీజన్ నుంచి నేను రిమోట్ పట్టుకునే చూశాను, పాట వచ్చినప్పుడు తప్ప. ముందే చెప్తున్నా, ఈ వీడియోలో కథ బయటపడుతుంది.

పాటలు మాత్రం సీరియల్ స్థాయివి కావు. ఈ సీరియల్ సృష్టికర్త కాలీ ఖూరీ భర్త టీ బోన్ బర్నెట్, 2002లో గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ కొట్టిన సినిమా సౌండ్‌ట్రాక్ ఆయన చేసిందే. మొదటి సీజన్ సంగీతం ఆయన చూసుకున్నాడు, తర్వాత బడ్డీ మిల్లర్ వచ్చాడు. ఇంకో సంగతి, మనకి ఇది వింతగా ఉంటుంది. మన దగ్గర దర్శకుడు సందర్భం చెప్తాడు, ట్యూన్ వస్తుంది, ట్యూన్‌కి పాట రాస్తారు. ఇక్కడ చాలా పాటలు అంతకుముందే ఉన్నవి. ఈ ఊళ్ళో పాటలు రాసేవాళ్ళు రోజూ ఆఫీసుకి వెళ్ళినట్టు వెళ్ళి, ఇద్దరో ముగ్గురో కూర్చుని రాస్తారు. రాసినవన్నీ ఎవరో ఒకరు పాడతారని లేదు, ఎన్నో సొరుగుల్లో పడుంటాయి. ఆ సొరుగుల్లోంచి వెతికి తెచ్చి పాత్రల నోట్లో పెట్టారు.

మా పిన్ని రెండో ప్రశ్న: "వెనకాల పాడిందెవరు?" ఎవరూ లేరు పిన్నీ, వాళ్ళే. ఒక్క ప్లేబ్యాక్ సింగర్ లేడు. పిన్ని చూసిన ఆ జంటలో స్కార్లెట్‌గా చేసిన క్లేర్ బోవెన్‌ది ఆస్ట్రేలియా. గన్నర్‌గా చేసిన సామ్ పల్లాడియోది ఇంగ్లండు. ఇద్దరూ అమెరికా దక్షిణాది యాస నేర్చుకుని, సొంతంగా పాడారు. మన దగ్గర హీరోయిన్ సొంత డబ్బింగ్ చెప్పుకుంటేనే ప్రెస్‌మీట్‌లో చప్పట్లు కొడతాం.

ఇక మొదటి పాట, పిన్ని బఠాణీలు ఆపిన పాట. ఇఫ్ ఐ డిడ్న్ట్ నో బెటర్. జాన్ పాల్ వైట్, ఆరమ్ రే రాసింది. వైట్ అంటే సివిల్ వార్స్ అనే జంట బృందంలో మగ గొంతు. సీన్ చెప్తాను. స్కార్లెట్ బ్లూబర్డ్ కెఫేలో వెయిట్రెస్. నోటుపుస్తకంలో కవితలు రాసుకుంటుంది, పాటలని తనకే తెలీదు. గన్నర్ అక్కడే సౌండ్ చూసుకునే కుర్రాడు. కవితకి ట్యూన్ కట్టి, పాడదాం రా అంటాడు. ఆమెకి ఇంట్లో ఇంకో ప్రియుడున్నాడు. ఇద్దరూ మైకు దగ్గరికి వస్తారు.

ఇక్కడ చెవి పెట్టి వినండి. మొదట్లో ఆమె గొంతు గాలిలా ఉంటుంది, పట్టుకుంటే చిరిగిపోతుందేమో అన్నట్టు. అతను కింద నుంచి వస్తాడు, ఆమెని తోసెయ్యకుండా. ఒక్కో లైను చివర ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటే అతనూ అక్కడే తీసుకుంటాడు. ఇద్దరు మనుషుల ఊపిరి ఒకేచోట ఆగిందంటే ఇంక డైలాగు ఎందుకండీ? ఆ ప్రియుడికి ఇంకా ఏమీ తెలీదు, స్కార్లెట్‌కే తెలీదు. చూసే మనకి తెలిసిపోయింది. గదిలో ఇంకొకాయనకి కూడా తెలుస్తుంది, వాటీ అనే పెద్దాయన. వెంటనే రేనాకి ఫోన్ చేసి, ఫోన్ పాట వైపు పెడతాడు. ఆ వాటీగా వేసినాయన జేడీ సౌథర్, ఈగల్స్ బ్యాండ్ హిట్లలో కొన్నిటికి సహరచయిత. 2024లో పోయాడు పాపం. పాట విని తల ఊపే మనిషి పాత్రకి అంతకన్నా అర్హుడు ఎక్కడ దొరుకుతాడు?

ఆ బ్లూబర్డ్ నిజంగానే ఉందండోయ్. ఈ ఊళ్ళోనే గ్రీన్ హిల్స్ అనే పేటలో, వరస షాపుల మధ్య ఒక షాపు అంతే. 1982లో పెట్టారు. తొంభై కుర్చీలు. సీరియల్ కోసం అచ్చం అలాంటిదే సెట్ వేశారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కారులోంచి చూసి దాటిపోయాను, ఇంత చిన్నదని అనుకోలేదు. లోపల పాడేవాళ్ళు నలుగురు గది మధ్యలో ఎదురెదురుగా కూర్చుంటారు, మనం చుట్టూ, మోకాళ్ళు తగిలేంత దగ్గర. మాట్లాడితే ఊరుకోరు, అక్కడ నిశ్శబ్దం నియమం. నా ముందు ఒకాయన తను రాసిన పాట పాడుతున్నాడు, పక్కన కూర్చున్నావిడ అది ఎప్పుడూ ప్రాక్టీసు చేసినట్టు లేదు, రెండో చరణానికి మెల్లిగా రెండో గొంతు కలిపింది. ఆయన తల తిప్పి చూడను కూడా లేదు, కొంచెం స్వరం తగ్గించాడంతే.

ఇంత సులువుగా ఎలా కలుపుతారు అంటే, ఈ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. నాష్‌విల్ నంబర్ సిస్టమ్. కార్డ్‌లకి, అంటే గిటార్ మీద కలిపి మోగించే స్వరాల గుంపులకి, పేర్లు రాసుకోరు, అంకెలు రాసుకుంటారు, 1, 4, 5 అని. గాయని ఇవాళ గొంతు బాలేదు శ్రుతి దించండి అంటే అంకెలు మారవు, వాయించేవాళ్ళు ఒకటి ఎక్కడో మార్చుకుంటారంతే. 1950ల చివర జోర్డనేర్స్ అనే గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ మొదలుపెట్టాడని చెబుతారు. నాకు ఇది ఒక స్టూడియోలో సెషన్ గిటారిస్టు చెప్తుంటే నవ్వొచ్చింది. సా ఎక్కడ పెట్టుకుంటే అక్కడి నుంచే మిగతావి, మన పాట మాస్టారు ఎనిమిదేళ్ళ పిల్లలకి చెప్పేది ఇదేగా! ఒకటి అంటే స, నాలుగు అంటే మ, ఐదు అంటే ప.

రెండో పాట, నో వన్ విల్ ఎవర్ లవ్ యూ. రెండో ఎపిసోడ్‌లో రేనా, డీకన్ బ్లూబర్డ్‌లో కూర్చుని పాడతారు. రేనాకి పెళ్ళై ఇద్దరు పిల్లలు. ఇది ఆ ఇద్దరూ ప్రేమలో ఉన్నప్పటి పాట. ఒక నిజం ఒప్పుకోవాలి, రేనాగా చేసిన కోనీ బ్రిటన్ గాయని కాదు, మంచి నటి. పెద్ద స్టేజి మీద ఊపు పాటలు పాడినప్పుడు ఈవిడ దేశం మొత్తాన్ని ఊపేసిన గాయని అంటే నేను నమ్మలేకపోయాను. ఆ పాటలు వదిలెయ్యండి. కానీ ఇక్కడ కూర్చుని, చిన్నగా, డీకన్ వంక చూడకుండా ఉండటానికి కష్టపడుతూ పాడుతుంటే ఆ గొంతులో ఉన్న తక్కువే పనికొచ్చింది. డీకన్‌గా చార్ల్స్ ఎస్టెన్. ఆయన రెండో గొంతు ఎప్పుడూ ఆవిడకి అర అడుగు వెనక నడుస్తుంది. ఇరవై ఏళ్ళు ఆమె బ్యాండులో వెనక నిలబడ్డ మనిషి కదా. బాగా పాడాడు అనను, బాగా వెనక నిలబడ్డాడు అంటాను.

అండర్‌మైన్ గురించి ఒక్క మాట. జూలియెట్, డీకన్‌ల పాట. కేసీ మస్‌గ్రేవ్స్, ట్రెవర్ రోజెన్ రాశారు. కేసీ అప్పటికి పెద్ద పేరు కాదు, 2014లో బెస్ట్ కంట్రీ ఆల్బమ్ గ్రామీ కొట్టింది. జూలియెట్‌గా చేసిన హేడెన్ పనెటియర్ జిగేలుమనే పాటలు నాకు ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసేవి, ఇదొక్కటీ తప్ప. కట్టడం కన్నా కూల్చడం తేలిక అనే భావం. కూల్చడంలో ఆరితేరిన పిల్ల నోట వస్తుంటే గుచ్చుకుంటుంది.

రాంగ్ సాంగ్ అనే పాట చాలామందికి ఫేవరెట్. రేనా, జూలియెట్ ఇద్దరి మధ్యా పోటీ, కలిసి ఒక పాట పాడాల్సి వస్తుంది. మీరు తిట్టుకున్నా సరే, నాకు అది అంతగా ఎక్కలేదు. హుషారుగానే ఉంటుంది. కానీ ఇద్దరిలో ఎవరూ రెండో గొంతు కావడానికి ఒప్పుకోరు! వంతులవారీగా పాడుకుంటారు, కలిసినచోట కూడా గెలవడానికే పాడినట్టు ఉంటుంది. కథకి అదే కావాలి, కరెక్టే. నా చెవికి మాత్రం రెండు మైకులు పోట్లాడుకున్నట్టే ఉంది.

ఫేడ్ ఇంటూ యూ మళ్ళీ స్కార్లెట్, గన్నర్‌లది. మొదటి పాట నచ్చితే ఇదీ నచ్చుతుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, స్పీకర్లో సగం పోతుంది.

ఇప్పుడు పిల్లలు. రేనా కూతుళ్ళుగా చేసిన లెనన్, మేసీ స్టెల్లా నిజంగా అక్కచెల్లెళ్ళు, కెనడా వాళ్ళు. 2012లో ఖాళీ వెన్న డబ్బాల మీద దరువేస్తూ కాల్ యువర్ గర్ల్‌ఫ్రెండ్ పాడిన వీడియో మీలో కొంతమందైనా చూసే ఉంటారు, ఆ పిల్లలే. సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కలిపి పాడితే వచ్చే హార్మనీని ఇక్కడ నెత్తుటి హార్మనీ అంటారు. ఒకే ఇంట్లో, ఒకే అమ్మ మాట విని పెరిగినవాళ్ళు అచ్చుల్ని ఒకేలా సాగదీస్తారు. రెండు గొంతులు కలిసేది ముఖ్యంగా అచ్చుల దగ్గరే కాబట్టి అతుకు కనపడదు. టెలిస్కోప్ అనే పాట జూలియెట్ హోరెత్తించి పాడుతుంది, అదే పాట ఈ పిల్లలిద్దరూ మెల్లిగా పాడింది కూడా ఉంది. రెండూ వెంటవెంటనే వినండి. మోసపోయిన ఆడదాని కోపం పాట కాస్తా, పిల్లలు పాడేసరికి తలుపు చాటు నుంచి పెద్దవాళ్ళ గొడవ వింటున్నట్టు మారిపోయింది.

చివరి పాట, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఎ లైఫ్ దట్స్ గుడ్. ఆష్లీ రే, సారా సిస్కిండ్ రాశారు. డబ్బు, పేరు వద్దు, రాత్రి ఇంటికి వస్తే ఎదురుచూసే మనుషులుంటే చాలు అనే పాట. ఇద్దరు పిల్లలూ డీకన్ గిటార్‌తో పాడేది. పెద్దమ్మాయికి డీకన్ కన్నతండ్రి అని తెలిశాక ఆ మూడు గొంతుల్నీ వినండి. చిన్నపిల్లకి ఆయన ఏమీ కాడు. అయినా మూడు గొంతుల్లో ఎక్కడా సందు లేదు. అయిదో సీజన్‌లో రేనా ఆసుపత్రి మంచం దగ్గర కూడా పాడేది ఇదే. అక్కడ నేనేమీ చెప్పను.

ఆఖరి ఎపిసోడ్ చివర రైమన్ ఆడిటోరియం స్టేజి మీద డీకన్ ఇదే పాట అందుకుంటాడు. రైమన్ అంటే 1892లో చర్చిలా కట్టిన హాలు, 1943 నుంచి 1974 దాకా గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే పేరున్న కంట్రీ పాటల రేడియో కార్యక్రమం నడిచిన చోటు. ఇప్పటికీ అక్కడ కూర్చోవాల్సింది చర్చి బెంచీల మీదే. మెల్లిగా ఒక్కొక్కళ్ళే వస్తారు. పాత్రలు, తర్వాత పాత్రలు పోయి నటులు, తర్వాత కెమెరా వెనకవాళ్ళు. అంతా కలిసి పాడుతుంటే మొదటి గొంతు ఏదో, రెండోది ఏదో చెప్పలేం.

నాకు కళ్ళు చెమర్చాయి. పక్కకి తిరిగి చూశాను. మా పిన్ని కూడా కళ్ళు తుడుచుకుంటోంది. నేను పట్టించుకోనట్టు నటిస్తున్నానా, ఇంతలో ముక్కు చీదుకుని అంది: "అది సరేగానీ, ఆ రేనా చచ్చిపోయింది కదరా, మళ్ళీ వచ్చి పాడుతోందేంటి?"