సాయంకాలపు గంటలే సంగీత పాఠశాల పెట్టుబడి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సొంతంగా సంగీత పాఠశాల నడపాలన్న సంకల్పంతో వచ్చిన యువ మిత్రులకు నమస్కారం.

సంగీత పాఠశాల పెట్టాలనుకునేవారు సాధారణంగా పాఠశాల పేరు, గదులు, వాద్యాలు అన్న వరుసలో ఆలోచిస్తారు. అవన్నీ డబ్బుతో సమకూరేవే. ఎంత డబ్బు పోసినా పెరగనివి సాయంకాలపు గంటలు. నేర్చుకునేవారిలో ఎక్కువ మంది బడి పిల్లలు కాబట్టి వారు రాగలిగేది నాలుగింటి నుంచి ఎనిమిదింటి వరకు, ఆపైన వారాంతాల్లో. ఒక గదిలో అరగంట చొప్పున పాఠాలు చెబితే సాయంత్రానికి 8, బడి ఉన్న ఐదు రోజులకు 40. మూడు గదులుంటే 120. శనివారాలు, ఆదివారాలు కలిపినా పాఠశాల ఆదాయానికి హద్దు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. అద్దె మాత్రం ఇరవై నాలుగు గంటలకూ కట్టాలి. నేను ఇవాళ ఫీజుల గురించి మాట్లాడినా, ఉపాధ్యాయుల గురించి మాట్లాడినా ఈ లెక్క మీద నిలబడే మాట్లాడతాను.

ముందుగా ఫీజు. హాజరైన పాఠాలకే డబ్బు తీసుకోవడం పైకి న్యాయంగా కనిపిస్తుంది. అయితే మంగళవారం ఐదున్నరకు రావలసిన విద్యార్థి రాకపోతే ఆ అరగంట బయలుదేరిన బస్సులో ఖాళీ సీటు వంటిది; దాన్ని తరువాత ఎవరికీ అమ్మలేము, టీచరేమో అప్పటికే వచ్చి కూర్చున్నారు. అందుకని విద్యార్థి పేరిట కేటాయించిన సమయానికి, మూడు నెలలకో నాలుగు నెలలకో ముందుగా ఫీజు తీసుకోవడం మేలు. పోయిన పాఠానికి బదులు పాఠం ఎన్నిసార్లు ఇస్తారో, ఎన్ని గంటల ముందు చెబితే ఇస్తారో చేరేనాడే కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. ఆ నియమం మీకూ వర్తించాలి: టీచర్ రాలేనినాడు మరొకరిని పంపడమో, ఆ పాఠం డబ్బు తిరిగి ఇవ్వడమో చేయని పాఠశాలకు తల్లిదండ్రులను నియమాలు పాటించమనే అర్హత ఉండదు. కొత్తవారు మొహమాటానికి పోయి అడిగినవారందరికీ బదులు పాఠాలు ఒప్పుకుంటారు. ఆ ఏడాది ఆదివారాలన్నీ వాటికే పోతాయి.

గంటలు పెరగవు కనుక ఒక గంటలో ఎక్కువ మందికి నేర్పడం రెండవ మార్గం. దీన్ని చాలామంది సంగీతజ్ఞులు చిన్నచూపు చూస్తారు. యమహా సంస్థ 1954లో జపాన్‌లో ప్రయోగాత్మకంగా ప్రారంభించిన పిల్లల సంగీత తరగతులు బృంద బోధన మీదే పెరిగి అనేక దేశాలకు వ్యాపించాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత మత్సుమోతో నగరంలో షినిచి సుజుకి రూపొందించిన వయొలిన్ బోధనలో విడి పాఠమూ ఉంటుంది, బృంద పాఠమూ ఉంటుంది. తల్లో తండ్రో పాఠంలో కూర్చుని ఇంటి దగ్గర సాధన చేయిస్తారు. నా అభిప్రాయంలో లయ, స్వరజ్ఞానం, వినికిడి బృందంలోనే బాగా అబ్బుతాయి. చేతి కదలిక, గొంతు, ఊపిరి మాత్రం ఒక్కొక్కరిని విడిగా చూస్తే తప్ప సరిదిద్దలేము. నాలుగు వయొలిన్లు ఒకేసారి మోగుతున్నప్పుడు ఎవరి విల్లు వంకరగా పోతోందో వినిపించదు. కాబట్టి డబ్బు కోసమే బృందం కట్టకండి. బృందంలో నేర్పదగినదేదో ముందు తేల్చుకుని, దానికి వేరే పాఠ్యక్రమం రాసుకోండి.

ఇక్కడ హిందుస్తానీ గాయకుడు విష్ణు దిగంబర్ పలుస్కర్‌ను తలుచుకోవాలి. 1901 మే 5న లాహోర్‌లో గాంధర్వ మహావిద్యాలయం స్థాపించేనాటికి ఆయనకు 28 ఏళ్లు. సంస్థానాల ఆదరణలో, గురువుల ఇళ్లలో సాగుతున్న విద్యను విరాళాల మీద, కచేరీల రాబడి మీద నడిచే బడిగా మార్చిన సాహసి. పాఠ్యపుస్తకాలు రాశారు, పాటను కాగితం మీద రాసుకునే స్వరలిపి ఏర్పరచారు, 1908లో బొంబాయిలో మరో విద్యాలయం తెరిచారు. అక్కడ సొంత భవనం కోసం అప్పులు చేశారు. చివరకు ఆ భవనం అప్పులవారి వేలంలో పోయింది. అయినా ఆయన తయారుచేసిన ఉపాధ్యాయులు మిగిలారు. వారిలో ఓంకార్‌నాథ్ ఠాకూర్ ఇరవై ఏళ్లు నిండకముందే, 1916లో, లాహోర్ విద్యాలయ బాధ్యత చేపట్టారు. 1931లో పలుస్కర్ మరణించాక శిష్యులంతా కలిసి ఒక మండలిగా ఏర్పడ్డారు. వారిలో ఒకరైన వినాయకరావు పట్వర్ధన్ 1932లో పుణెలో విద్యాలయం తెరిచారు. మొదటి నాలుగేళ్లలో మిగిలిన డబ్బును గోడల మీద కాకుండా ఉపాధ్యాయుల మీద, పాఠ్యక్రమం మీద పెట్టమని నేను చెప్పడానికి ఆధారం ఈ చరిత్రే.

ఉపాధ్యాయుల విషయంలో యువ యజమానులను ఒక భయం పీడిస్తుంది: మంచి టీచర్ వెళ్లిపోతూ విద్యార్థులను వెంటబెట్టుకుపోతే? ఒప్పందంలో కఠినమైన షరతులు రాయించుకుని నిద్రపోదామనుకుంటారు. ఏ తల్లిదండ్రులనూ షరతు ఆపదు. ఒంటరిగా ఇంటి దగ్గర పాఠాలు చెప్పే టీచర్ ఇవ్వలేనివి పాఠశాల ఇస్తోందా అన్నదే అసలు ప్రశ్న: తోటి వాద్యకారులతో కలిసి వాయించే అవకాశం, పక్కవాద్యాలతో ప్రదర్శన, విడిగా సిద్ధాంత పాఠం, టీచర్ జబ్బుపడితే ఆగని తరగతి. టీచర్ వైపు నుంచి చూసినా అంతే. విద్యార్థి రానినాడు జీతం కోసే పాఠశాల, తన నష్టాన్ని అందరికంటే తక్కువ సంపాదించే మనిషి నెత్తిన వేస్తోంది. ముందుగా ఫీజు తీసుకున్న యజమానికి ఆ అవసరం కూడా లేదు.

మీ సొంత గంటల సంగతి ఇంకా చిక్కు. స్థాపకులు మంచి కళాకారులైతే వచ్చినవారంతా వారి దగ్గరే నేర్చుకుంటామంటారు, వారి గంటలే ముందు నిండుతాయి. ఆ తరువాత లెక్కలు రాత్రి పదకొండుకు, సాధన ఎప్పుడో తెలియదు. కొత్తగా చేరేవారిని మీరే పరీక్షించి, వారి గొంతుకో చేతికో తగిన టీచర్‌కు అప్పగించండి. ప్రతి విద్యార్థి పాఠాన్నీ మూడు నెలలకొకసారి మీరు వినండి. తల్లిదండ్రులు కోరుకునేది చాలావరకు ఆ శ్రద్ధే. వారంలో రెండు సాయంత్రాలు మీకు పాఠాలు లేకుండా ఉంచుకోకపోతే పక్క గదిలో ఏం జరుగుతోందో మీకు తెలిసే మార్గమే ఉండదు. అన్నట్టు, పిల్లలకు విడిగా పాఠం చెప్పే ప్రతి గది తలుపుకూ బయటి నుంచి లోపల కనిపించే గాజు పలక ఉండాలి, తల్లిదండ్రులు ఎప్పుడైనా లోపలికి రాగలగాలి. ఇందులో బేరం లేదు.

ఇక గదుల మధ్య శబ్దం సంగతి. గోడలకు అంటించే స్పాంజి పలకలు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయి తప్ప పక్క గదిలోకి పోయే శబ్దాన్ని ఆపవు. దాన్ని ఆపేవి బరువైన గోడ, రెండు పొరల మధ్య ఖాళీ, సందులు లేని తలుపు. డ్రమ్స్ గదిని గాత్రం గది పక్కన పెట్టకపోతే సగం ఖర్చు తప్పుతుంది.

శ్రేణి పరీక్షల (గ్రేడ్ పరీక్షల) గురించి అడిగేవారు చాలామంది. 1889లో ఏర్పడిన బ్రిటిష్ అసోసియేటెడ్ బోర్డ్ వంటి సంస్థల పరీక్షలు విద్యార్థికి గమ్యం చూపిస్తాయి, తల్లిదండ్రులకు ఫలితం కనిపించేలా చేస్తాయి. ఏడాది పొడవునా పరీక్షకు కావలసిన మూడు రచనలే వాయించిన పిల్లలు పై శ్రేణికి చేరినా కొత్త పాట చేతికిస్తే తడబడతారు, రెండేళ్లలో మానేస్తారు. పరీక్షను కోరినవారికే ఉంచి, ప్రతి మూడు నెలలకూ చిన్న ప్రదర్శన మాత్రం అందరి చేతా చేయించండి.

మిగిలింది ఖాళీగా ఉండే పగలు. బడికి వెళ్లే వయసు రాని పిల్లలు, ఉద్యోగ విరమణ చేసినవారు, వేర్వేరు సమయాల్లో పనిచేసేవారు, దూరదేశాల్లో సాయంత్రమయ్యే విద్యార్థులు ఈ గంటలకు తగినవారు. ఆన్‌లైన్ పాఠంలో శబ్దం కొంత ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి పాడడం కుదరదు. ఒకరి తరువాత ఒకరు పాడే పద్ధతిలోనే పాఠాన్ని అల్లుకోవాలి. జూమ్ వంటి వాటిలో నేపథ్య శబ్దాన్ని తొలగించే ఏర్పాటు, ఆగకుండా మోగే తంబురా శ్రుతిని కూడా ఫ్యాన్ మోతగా భావించి మింగేస్తుంది. మొదటి పాఠానికి ముందే రెండు వైపులా శబ్దాన్ని వడకట్టకుండా పంపే ‘ఒరిజినల్ సౌండ్’ ఏర్పాటును ఆన్ చేయించి, శ్రుతిని విద్యార్థి తన వైపే పెట్టుకునేలా చూడండి.