రింగు తిప్పే ముందు దూరం చూసుకోండి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట బీచ్‌కి పోకుండా వచ్చి ఇక్కడ కూర్చున్నారంటే మీకు ఫొటోల పిచ్చి గట్టిగానే ఉన్నట్టు. కెమెరాయే మనిషి కన్ను ఎక్కడుందో వెతికి ఫోకస్ పట్టుకుంటున్న ఈ రోజుల్లో చేత్తో ఫోకస్ చెయ్యడం ఎందుకని ఇంట్లోవాళ్ళు అడిగే ఉంటారు. బీరువాలో పడున్న నాన్నగారి పాత 50 ఎం.ఎం. లెన్సుని కొత్త కెమెరాకి బిగించే అడాప్టర్ పెట్టి వాడుతున్నవాళ్ళకి వేరే దారి లేదు. కొత్త లెన్సులున్నవాళ్ళకి కూడా రాత్రిపూట సముద్రం, వల వెనకున్న మొహం, పువ్వు మీద వాలిన పురుగు లాంటివి ఎదురైతే ఆటోఫోకస్ చేతులెత్తేస్తుంది.

నేను చెప్పబోయేదంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. ఫోకస్ అంటే దూరం. లెన్సు మీది రింగు తిప్పడమంటే ఒక దూరాన్ని ఎంచుకోవడం. ఆ దూరంలో స్పష్టంగా వచ్చేది ఎంత పల్చటి పొరో ముందు లెక్క చూడండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (పాత 35 ఎం.ఎం. ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్నది), 50 ఎం.ఎం. లెన్సు, ఎఫ్ 1.8 (ఈ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ తెరుచుకున్నట్టు), మనిషి మీటరు దూరంలో ఉన్నాడు. స్పష్టంగా వచ్చే లోతు సుమారు 4 సెంటీమీటర్లు, అంటే రెండు వేళ్ళ మందం. ఎఫ్ 8కి మూస్తే దాదాపు జానెడు అవుతుంది. ఇక మనం నిలబడి కెమెరా పట్టుకున్నప్పుడు, మనకి తెలియకుండానే ఒళ్ళు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ రెండు వేళ్ళ మందం దాటిపోవడానికి ఆ ఊపు చాలు.

మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారగట్ట వల బాగుచేస్తున్న ఒకాయన్ని తీస్తున్నారనుకోండి. వలని కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి, చిరిగిన చోట దారంతో కన్ను అల్లుతున్నాడు. మీకు కావాల్సింది ఆయన వేళ్ళ మధ్య బిగుసుకుంటున్న ముడి. ఫ్రేమ్ మధ్యలో ముడిని పెట్టుకుని ఫోకస్ చేశారు. తర్వాత ఆయన మొహం కూడా రావాలని కెమెరాని పైకెత్తారు. సరిగ్గా అక్కడే పోతుంది. మీటరు దూరంలో 15 డిగ్రీలు ఎత్తితే ఫోకస్ తలం ముడి వెనక్కి మూడు సెంటీమీటర్ల పైగా జరిగిపోతుంది. ముడి మసకగా, దాని వెనకున్న లుంగీ నేత మాత్రం దారాలతో సహా కనిపిస్తుంది. అందుకని ఫ్రేమ్ ముందు కట్టండి. ఆ తర్వాత స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించే పెట్టెని ముడి మీదకి జరిపి, అక్కడ ఫోకస్ చెయ్యండి. ఫ్రేమ్‌ని ఇక కదపొద్దు.

చివరి చిన్న సర్దుబాటుకి నేను రింగు ముట్టుకోను. మోచేతులు డొక్కలకి ఆనించి, వీలైతే పడవ అంచుకి ఒరిగి, ఒళ్ళే కాస్త ముందుకి వంచుతాను. వరసగా నాలుగైదు ఫ్రేములు కొడతాను. ఊగడం ఎలాగూ ఆగదు కాబట్టి వాటిలో ఒకటైనా ముడి మీద పడుతుంది. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. నాకైతే ఇది పనితనమే.

కంటి సంగతికొస్తే, వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, చాలామంది కొన్నప్పటి నుంచీ దాన్ని తిప్పి ఉండరు. ఖాళీ ఆకాశం వైపు కెమెరా పెట్టి, లోపలి అంకెలు నిక్కచ్చిగా కనబడేదాకా దాన్ని తిప్పండి. చత్వారం వచ్చినవాళ్ళకి ఇది తప్పనిసరి. అది సరిలేకపోతే దేనిమీద ఫోకస్ చేసినా మీకు అనుమానంగానే ఉంటుంది.

డీఎస్ఎల్ఆర్‌లు, అంటే లోపల అద్దం ఉండే కెమెరాలు, వాడేవాళ్ళకి ఇంకో చిక్కు. పాత ఫిల్మ్ కెమెరాల్లో చాలావాటికి వ్యూఫైండర్ తెర మధ్యలో బొమ్మని రెండు ముక్కలుగా చూపించే గుండ్రని గాజు ఉండేది. ముక్కలు కలిస్తే ఫోకస్ కుదిరినట్టే. ఇప్పటి తెరలు జూమ్ లెన్సులకి వెలుతురు ఎక్కువ కనపడేలా చేసినవి. ఎఫ్ 1.4 పెట్టినా ఎఫ్ 2.8 దగ్గర ఉండేటంత లోతుని చూపిస్తాయి. మీ కంటికి బాగానే ఉందనిపించి, ఇంటికెళ్ళాక కంప్యూటర్‌లో మసక బయటపడుతుంది. వాటిలో లైవ్ వ్యూ (బొమ్మని వెనక స్క్రీన్ మీద చూపించేది) పెట్టి 10 రెట్లు పెంచి చూడటమే దారి. మిర్రర్‌లెస్‌లో, అంటే అద్దం లేని కెమెరాల్లో, ఫోకస్‌లో ఉన్న అంచులకి రంగు పూసే పీకింగ్‌ని కూడా పూర్తిగా నమ్మకండి. లెన్సు బాగా తెరిచినప్పుడు అది నిజమైన పొర కన్నా వెడల్పుగా రంగు పూస్తుంది. ఏ చుట్టుపక్కల ఉన్నామో తెలుసుకోవడానికి పనికొస్తుంది, తీర్పు మాత్రం పెద్దది చేసి చూశాకే.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ముందు నడిచే జనాన్ని తీయాలంటే ఈ హంగామా ఏదీ అక్కర్లేదు. 28 ఎం.ఎం. లెన్సు, ఎఫ్ 8, రింగు 3.3 మీటర్ల దగ్గర పెట్టి వదిలెయ్యండి. ఫుల్‌ఫ్రేమ్‌లో సుమారు 1.65 మీటర్ల నుంచి దూరపు హోరిజాన్ దాకా అంతా వస్తుంది. అంతకన్నా చిన్నదైన క్రాప్ సెన్సర్ అయితే 5 మీటర్ల దగ్గర పెట్టండి, రెండున్నర మీటర్ల నుంచి వస్తుంది. కాకపోతే ఈ లెక్కలు మామూలు సైజు ప్రింటుని మామూలు దూరం నుంచి చూసే కంటికి వేసినవి. డాల్ఫిన్ నోస్ కొండని స్క్రీన్ నిండా పెంచి చూస్తే కాస్త మసకగానే ఉంటుంది. కొండ ముఖ్యమైతే కొండ మీదే ఫోకస్ చెయ్యండి. అన్నట్టు, ఆ చుట్టుపక్కల నేవీ బోర్డులున్న చోట కెమెరా బ్యాగులోనే ఉండనివ్వండి.

రాత్రి అయితే లంగరు వేసి ఆగిన ఓడల దీపాలున్నాయి. ట్రైపాడ్ మీద దీపాన్ని పెంచి చూస్తూ, వెలుగు చుక్క అతి చిన్నగా అయ్యేదాకా రింగు తిప్పండి. అనంతం గుర్తు దగ్గరికి తిప్పి ఊరుకోవద్దు. చాలా లెన్సులు, ముఖ్యంగా అడాప్టర్ మీద, ఆ గుర్తుని దాటి వెళ్తాయి.

ఇంత చేసినా ఫొటో మసకగా వస్తే వెంటనే ఫోకస్‌ని తిట్టకండి. పెంచి చూడండి. ఇంకో చోట ఎక్కడైనా నిక్కచ్చిగా ఉంటే ఫోకస్ తప్పింది. వెలుగు చుక్కలన్నీ ఒకే దిక్కుకి గీతలైతే చెయ్యి వణికింది. వల బాగుంది, వేళ్ళు మాత్రం చెదిరాయంటే షట్టర్ చాల్లేదు, సెకనులో 500వ వంతుకి వెళ్ళండి. మొత్తం పొగమంచులా ఉంటే లెన్సు మీదకి చూడండి. ఏసీ గదిలోంచి నేరుగా మన ఉక్కలోకి తెస్తే గాజు మీద చెమ్మ పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచితే ఆ టెన్షన్ ఉండదు.

పాత లెన్సులు తెచ్చినవాళ్ళు ముందు వరసలోకి రండి. కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకుని సర్దేది) ఉంటే మెనూలో మీ లెన్సు ఫోకల్ లెంత్ మీరే ఎక్కించాలి, లేకపోతే కెమెరా వేరే అంకెతో సర్దుతుంది. అది ఒక్కొక్కరి కెమెరాలో ఎక్కడుందో వెతుకుదాం.