టెస్టర్‌కు దొరకని గ్లూఆన్లు

నమస్కారం అండీ. మొన్న ఆదివారం కూకట్‌పల్లిలో మా బావ వాళ్లింట్లో స్విచ్‌బోర్డు విప్పాం. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న టెస్టర్‌ను న్యూట్రల్ వైరుకు పెడితే వెలగలేదు. "ఇందులో ఏమీ లేదురా" అన్నాడు బావ. పైన ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది! కరెంటు ఆ వైరులోంచి కూడా పోతోంది బావా, టెస్టర్‌కు కనబడదంతే అన్నాను.

ప్రోటాన్ లోపల గ్లూఆన్లు అనే జిగురు కణాలతో ఇదే తంటా. ప్రోటాన్ ద్రవ్యరాశి 938 ఎంఈవీ (కణాల బరువును శక్తి లెక్కలో చెప్పే కొలత). లోపల ఉండే క్వార్కులు అనే మూడు చిన్న కణాలవీ కలిపితే అందులో ఒక శాతం. మిగతాది క్వార్కుల కదలికల శక్తి, వాటిని అతికించి ఉంచే గ్లూఆన్ల శక్తి. అంటే మన ఒంటి బరువులో చాలాభాగం ఈ గొడవే. కానీ గ్లూఆన్‌కు విద్యుదావేశం లేదు. కాంతికణం, అంటే ఫోటాన్, పట్టుకునేది ఆవేశాన్నే. మరి ఎలా చూడాలి?

కిటుకేమిటంటే, శక్తి గల ఫోటాన్ క్షణకాలం చార్మ్ అనే బరువైన రకం క్వార్కు, దాని ప్రతిక్వార్కుల జంటగా మారగలదు. ప్రోటాన్‌లో చార్మ్ దాదాపు లేనట్టే కాబట్టి క్వార్కుల ఇచ్చిపుచ్చుకోలు కుదరదు. ఆ జంట ప్రోటాన్‌ను తాకాలంటే ముఖ్యంగా గ్లూఆన్ల ద్వారానే. తాకాక జంట జే/సై అనే బరువైన మీసాన్‌గా (క్వార్కు, ప్రతిక్వార్కు కలిసిన కణం) బయటికొస్తుంది. 1974లో దొరికిన కణమే ఇది, ప్రోటాన్‌కు మూడు రెట్లకు పైగా బరువు.

నిలకడగా ఉన్న ప్రోటాన్ మీద దీన్ని పుట్టించాలంటే ఫోటాన్‌కు కనీసం 8.2 జీఈవీ శక్తి కావాలి (ఒక జీఈవీ అంటే వెయ్యి ఎంఈవీ). మీసాన్ బరువు 3.1 జీఈవీయే కదా అంటారేమో. దెబ్బకు ప్రోటాన్ కూడా ముందుకు దూసుకుపోతుంది, ఆ ఖర్చు కూడా ఫోటానే భరించాలి. అమెరికాలోని వర్జీనియాలో జెఫర్సన్ ల్యాబ్ ఉంది. అక్కడ ఎలక్ట్రాన్లను వేగంగా తోసే యంత్రం చాలాకాలం 6 జీఈవీ దగ్గరే ఆగింది, 12కు పెంచాకే ఇది వీలైంది. గ్లూఎక్స్ ప్రయోగంలో ఎలక్ట్రాన్లను పలుచటి వజ్రపు రేకు గుండా పంపి ఫోటాన్లు పుట్టిస్తారు. గోల్కొండ ఊళ్లో ఉన్నాం కదా, వజ్రం మాట వస్తే చెప్పకుండా ఉండలేను! ఆ ఫోటాన్లు ద్రవ హైడ్రోజన్‌ను తాకుతాయి, హైడ్రోజన్ కేంద్రకం అంటే ప్రోటానే. జే/సై విరిగి వచ్చే ఎలక్ట్రాన్, దాని ప్రతికణం పాజిట్రాన్ జంటలను ఏరుకోవాలి. 2019లో చెప్పిన లెక్క సుమారు 470, 2023 నాటికి 2,270. ఎంత ఓపికో చూడండి.

2023లోనే అదే ల్యాబ్‌లోని ఇంకో ప్రయోగం, ద్రవ్యరాశి ప్రకారం కొలిచిన ప్రోటాన్ వ్యాసార్థం ఆవేశం ప్రకారం కొలిచినదానికంటే చిన్నదని చెప్పింది. "గ్లూఆన్లను చూసేశాం" అన్న హెడ్‌లైన్లు మాత్రం నాకు నచ్చవు. ఆ శక్తి దగ్గర చార్మ్ ఉన్న వేరే కణాలు మధ్యలో పుట్టి, చేతులు మారి, జే/సైగా కనబడే వీలుంది. గ్లూఎక్స్ గీసిన గ్రాఫులో ఆ అనుమానం రేపే వంపులున్నాయి. అలా అయితే చూసినదంతా గ్లూఆన్ల పనే అనలేం. అందుకే చూపు ఇప్పుడు ఉప్సిలాన్ అనే ఇంకో మీసాన్ మీద ఉంది. అది జే/సైకి మూడు రెట్లు బరువు, లెక్కలకు ఇంకాస్త లొంగుతుంది. దానికి కావలసిన శక్తి జెఫర్సన్ ల్యాబ్‌లో లేదు, అమెరికాలోనే బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో కట్టబోయే ఎలక్ట్రాన్-అయాన్ కొలైడర్ (ఎలక్ట్రాన్లను ప్రోటాన్లతో, కేంద్రకాలతో ఢీకొట్టించే యంత్రం) రావాలి.