స్విచ్ 2కి కొత్త మోడల్ వస్తే లోపల ఏం మారాలి? మన ఎండలకు, మన బస్సు ప్రయాణాలకు సరిపడే లెక్క

[తెర మీద: నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్, మే నెల మధ్యాహ్నం. రోడ్డు ఖాళీగా ఉంది.]

నమస్కారం. ఈ వీడియో నింటెండో స్విచ్ 2 గురించి, అంటే చేతిలోనూ టీవీలోనూ ఆడుకునే గేమ్ కన్సోల్ గురించి. రివ్యూ మాత్రం కాదు. రేపు దీనికే మెరుగైన మోడల్ ఒకటి వస్తే లోపల ఏమేం మారొచ్చు, అందులో మనకు నిజంగా పనికొచ్చేది ఏది, అదే ఇవాళ్టి విషయం. ముందే చెప్తున్నాను, ఇవి నా అంచనాలు, కంపెనీ ప్రకటనలు కావు. అయితే నింటెండో ఇదివరకు ఏం చేసిందో చూసే ఈ అంచనా వేస్తున్నాను.

[తెర మీద పెద్ద అంకెలు: 5 నుంచి 35 డిగ్రీలు]

ఈ అంకెలు చూడండి. స్విచ్ 2ని 5 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడమని నింటెండో చెప్తోంది. 2025 జూలైలో జపాన్‌లో ఎండలు ముదిరినప్పుడు ఈ జాగ్రత్తే మళ్లీ గుర్తు చేసింది. మరి మే నెలలో నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్? మధ్యాహ్నం 42 డిగ్రీలంటే ఎవరూ ఆశ్చర్యపోరు. రేకుల ఇంట్లో అయితే పొద్దుగూకినా ఆ వేడి దిగదు. పిల్లలకు సెలవులు వచ్చి, రోజంతా ఆడుకునేది సరిగ్గా అప్పుడే. అందుకే నా మాట ఒక్కటే: మనకు ఇంకా బలమైన చిప్ అక్కర్లేదు. ఇదే పనిని తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో చేసే చిప్ కావాలి.

[తెర మీద: విప్పిన కన్సోల్ బొమ్మ. చిప్, ఫ్యాన్, బ్యాటరీ ఒక్కొక్కటిగా వెలుగుతాయి.]

2025 జూన్ 5న వచ్చిన ఈ కన్సోల్‌లో ఎన్విడియా ప్రత్యేకంగా చేసిన చిప్ ఉంది. 12 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ. టీవీకి కలిపే స్టాండులో, అంటే డాక్‌లో పెట్టి టీవీలో ఆడితే గ్రాఫిక్స్ భాగం 1007 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. చేతిలోకి తీసుకుంటే 561కి దిగుతుంది. చిప్ అదే, సత్తా అదే. చేతిలో ఉన్నప్పుడు అంత కరెంటు ఇచ్చే బ్యాటరీ లేదు, అంత వేడి బయటికి పంపే చోటూ లేదు. అందుకే కంపెనీ కావాలనే వేగం తగ్గించింది.

దీనికి మందు చిప్ తయారయ్యే పద్ధతిలో ఉంది. చిప్‌ను విప్పి పరిశీలించినవాళ్లు చెప్పేదాన్ని బట్టి ఇది శాంసంగ్ 8 నానోమీటర్ తరహా పద్ధతిలో తయారైంది (ఈ అంకె ఎంత తగ్గితే చిప్ లోపలి భాగాలు అంత చిన్నవని లెక్క). 2020లో వచ్చిన ఎన్విడియా 30 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులదీ అదే పద్ధతి. చిప్‌లో ఉండే కోట్లాది ట్రాన్సిస్టర్లను ఇంకా చిన్నగా చేయగలిగితే అవి తక్కువ వోల్టేజీతోనే పని చేస్తాయి. అక్కడే అసలు లాభం ఉంది. కరెంటు ఖర్చు వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది కాబట్టి, మిగతాదంతా అలాగే ఉంచి వోల్టేజీని 10 శాతం తగ్గించినా ఆ ఖర్చు దాదాపు 19 శాతం తగ్గుతుంది. ఖర్చు తగ్గితే వేడి తగ్గుతుంది, ఫ్యాన్ మోత తగ్గుతుంది.

నింటెండో ఇది ఒకసారి చేసి చూపించింది. 2017 స్విచ్‌లో 20 నానోమీటర్ చిప్ ఉండేది. 2019లో పేరు మార్చలేదు, రూపం మార్చలేదు, 4310 ఎంఏహెచ్ బ్యాటరీ కూడా అదే. లోపల చిప్‌ను మాత్రం 16 నానోమీటర్‌కు తెచ్చారు. కంపెనీ లెక్కలోనే బ్యాటరీ రెండున్నర నుంచి ఆరున్నర గంటలు వచ్చేది కాస్తా నాలుగున్నర నుంచి 9 గంటలకు పెరిగింది. డబ్బా మీద పెద్ద ప్రచారమేమీ లేదు. నన్నడిగితే మొదటి స్విచ్ జీవితంలో వచ్చిన అతి మంచి మార్పు అదే.

[తెర మీద: నల్లగొండ నుంచి హైదరాబాద్ దారి మ్యాప్]

ఇప్పుడు దీన్ని మన దారి మీద పెట్టి చూద్దాం. నల్లగొండలో ఆర్టీసీ బస్సెక్కి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేసరికి రెండున్నర గంటలు పట్టేస్తుంది. స్విచ్ 2 బ్యాటరీకి కంపెనీ చెప్పే లెక్క 2 నుంచి ఆరున్నర గంటలు. బరువైన గేమ్ పెడితే దిగే చోటు రాకముందే తెర ఆరిపోతుంది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా వచ్చే మహబూబ్‌నగర్ వాళ్లకూ ఇదే టెన్షన్. పెద్ద బ్యాటరీ పెడితే సరిపోదా అంటారేమో. ఇప్పటికే రెండు పక్కలా తగిలించే కంట్రోలర్లతో, అంటే జాయ్‌కాన్‌లతో కలిపి 534 గ్రాములు ఉంది. ఇంకా బరువు పెరిగితే ముందు మణికట్టు నొప్పి పుడుతుంది. చిప్ మారడమే సరైన దారి.

[తెర మీద: ఎల్‌సీడీ, ఓఎల్‌ఈడీ తెరలు పక్కపక్కన]

ఇక అందరూ అడిగే ఓఎల్‌ఈడీ, అంటే ప్రతి చుక్కా (పిక్సెల్) తనంతట తానే వెలిగే తెర. 2021లో పాత స్విచ్‌కు 7 అంగుళాల ఓఎల్‌ఈడీ వచ్చింది కాబట్టి దీనికీ వస్తుందని ఆశ. ఇప్పుడున్న 7.9 అంగుళాల ఎల్‌సీడీ సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చగలదు కానీ, దానిలోని పిక్సెళ్లు అంత చురుగ్గా రంగు మార్చుకోలేవు. అందుకే వేగంగా కదిలే చోట బొమ్మ అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీలో ఆ ఇబ్బంది ఉండదు, నలుపు నిజంగా నలుపుగా ఉంటుంది. వస్తే సంతోషమే. కాకపోతే ఓఎల్‌ఈడీ పదార్థం వేడికి త్వరగా వయసు మళ్లుతుంది, గంటల తరబడి కదలని గుర్తులు తెరపై మచ్చగా మిగిలే అవకాశమూ ఉంటుంది. మన ఎండల్లో అయితే ముందు చిప్, ఆ తర్వాతే తెర.

[తెర మీద: స్టిక్ లోపలి భాగం. కార్బన్ పట్టీ మీద జరిగే లోహపు కొన.]

కంట్రోలర్ మీద వేలితో తిప్పే స్టిక్ సంగతి మాత్రం వదలను. మీరు వేలు పెట్టకపోయినా ఆటలో మనిషి తనంతట తానే పక్కకు నడుస్తుంటే అది డ్రిఫ్ట్. స్టిక్ లోపల కార్బన్ పట్టీ మీద ఒక చిన్న లోహపు కొన రుద్దుకుంటూ తిరుగుతుంది. రుద్దిరుద్ది పట్టీ అరుగుతుంది, దుమ్ము చేరితే ఇంకా త్వరగా అరుగుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పినప్పుడు గరగరమనడానికి కారణం కూడా ఇలాంటి పట్టీయే. రైస్ మిల్లుల పక్క వీధుల్లో ఉండేవాళ్లకు, వడ్లు ఆరబోసే రోజుల్లో ఊళ్లో ఉండేవాళ్లకు దుమ్ము గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

దీనికి జవాబు ఎప్పుడో ఉంది. హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లో అయస్కాంతం కదులుతుంది, సెన్సార్ దూరం నుంచే ఆ కదలికను కొలుస్తుంది. ఒకదాన్నొకటి తాకవు కాబట్టి అరుగుదల లేదు. 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఇది వాడారు. అయినా జాయ్‌కాన్ 2లో హాల్ ఎఫెక్ట్ లేదని నింటెండోనే చెప్పింది. జాయ్‌కాన్ 2 కన్సోల్‌కు అయస్కాంతంతో అతుక్కుంటుంది, దాని పక్కనే అయస్కాంత సెన్సార్ పెట్టడం ఇంజినీర్లకు తలనొప్పే, ఒప్పుకుంటాను. టీఎంఆర్ అని ఇంకో రకం ఉంది. అదీ అయస్కాంతంతోనే పని చేస్తుంది, హాల్ సెన్సార్ కంటే తక్కువ కరెంటు తీసుకుంటుంది. వేల రూపాయలు పెట్టి కొన్న వస్తువులో ముందు పాడయ్యే భాగం ఏదో కంపెనీకి తెలిసినప్పుడు దాన్ని మార్చాలి. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

[తెర మీద: యూరప్ మ్యాప్, తేదీ: 2027 ఫిబ్రవరి 18]

బ్యాటరీ విషయంలో మాత్రం ఒక చట్టం మనకు సాయం చేయొచ్చు. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి వస్తువుల్లోని బ్యాటరీని, కొన్ని మినహాయింపులు తప్ప, వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. స్విచ్ 2లో ఉన్న 5220 ఎంఏహెచ్ బ్యాటరీ జిగురుతో గట్టిగా అతికించి ఉంటుంది. వస్తువులు విప్పి రిపేర్ ఎంత సులువో చెప్పే ఐఫిక్సిట్ సంస్థ దీని రిపేర్‌కు 10కి 3 మార్కులే వేసింది. యూరప్‌లో అమ్మకాలు వదులుకోరు కాబట్టి లోపలి అమరిక మార్చక తప్పదని నా అంచనా. అదే మోడల్ అన్ని దేశాలకూ వస్తే లాభం ఎక్కువ మనకే. లిథియం బ్యాటరీ వేడిలో త్వరగా ముసలిదవుతుంది, ఉబ్బుతుంది కూడా. నింటెండో మన దేశంలో నేరుగా అమ్మదు, సర్వీస్ సెంటర్ లేదు. స్క్రూ విప్పి బ్యాటరీ మార్చే వీలుంటే మన ఊళ్లో ఫోన్లు బాగుచేసే అన్న దగ్గరే పని అయిపోతుంది.

ర్యామ్ పెంచుతారా? అనుకోను. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. పైగా ఒకే పేరుతో రెండు బలాల కన్సోళ్లుంటే గేమ్ తయారుచేసేవాళ్లు బలహీనమైనదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. 2014లో నింటెండో చేతి కన్సోల్ న్యూ 3డీఎస్‌తో ఇదే జరిగింది. అదనపు బలం వచ్చింది, దాన్ని నిజంగా వాడుకున్న గేములు కొన్నే.

[తెర మీద: టేబుల్ ఫ్యాన్ ముందు, గోడకు దూరంగా పెట్టిన డాక్]

ఇప్పటికే కొన్నవాళ్లు ఈ వేసవికి ఇలా చేయండి. డాక్‌ను టీవీ స్టాండ్ అరలో ఇరికించకండి, వెనక గాలి ఆడనివ్వండి. మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టి, చేతిలో పట్టుకుని బరువైన గేమ్ ఆడకండి. సెట్టింగ్స్‌లో ఛార్జింగ్‌ను 90 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేయండి. ఎండలో నిలిపిన కారులో దీన్ని వదిలేయొద్దు.

కొత్తగా కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. 2025లో జపాన్‌లో 49,980 యెన్‌లకు వచ్చిన చవక మోడల్ ఒకటి ఉంది. అది జపనీస్ భాషలో మాత్రమే నడుస్తుంది, జపాన్ అకౌంట్లకే కలుస్తుంది. బయటి నుంచి తెప్పించే షాపులో తక్కువ ధర చెప్తే డబ్బు కట్టేముందు డబ్బా మీద ఏ మోడల్ అని రాసి ఉందో అడిగి, ఫోటో తెప్పించుకుని చూడండి.