"రిజెక్ట్ అయింది" అంటున్నారు సరే, ఏ రిజెక్ట్?

నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియో చిరాకులోంచి పుట్టింది.

బరంపురంలో యూనివర్సిటీ క్యాంపస్ భంజ విహార్ హాస్టళ్లలో ఉన్నవాళ్లు గానీ, రాయగడ, పర్లాకిమిడి కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు గానీ, ఎవరిని కదిపినా ఒకటే మాట. "పేపరు రిజెక్ట్ అయిందండీ, ఇంక నా వల్ల కాదు." సరే, మెయిల్ చూపించండి అంటాను. చూస్తే అందులో "మేజర్ రివిజన్", అంటే పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపండి అని ఉంటుంది! మహాప్రభో, అది రిజెక్ట్ కాదు. ఎడిటర్‌కి ఆ పేపరు మీద ఇంకా ఆశ ఉంది. మీరేమో టెన్షన్‌తో ఆ మెయిల్ మళ్లీ తెరవరు. గడువు దాటిపోతుంది, అప్పుడు నిజంగానే పోతుంది.

పీర్ రివ్యూ అంటే మీకు తెలిసిందే, పత్రిక ఎడిటర్ మన పేపరుని అదే సబ్జెక్టు తెలిసిన రివ్యూయర్ల చేత చదివించి అభిప్రాయం అడగడం. నేరుగా బరంపురం పక్కన సముద్రపు ఒడ్డుకి, గోపాల్‌పూర్ వెళ్దాం.

(స్క్రీన్ మీద: తెల్లవారుజాము, ఒడ్డున పడవలు)

లైట్‌హౌస్ దగ్గర ఫొటోలు దిగే వైపు కాదు, మన తెలుగు జాలర్లు పడవలు దింపే వైపు. అక్కడ పడవని ఇసుక మీంచే నీళ్లలోకి తోయాలి. ఒడ్డు దగ్గరే కెరటాలు విరిగి పడుతుంటాయి. గమనించండి, వాళ్లు రాగానే తోసెయ్యరు. పడవ అంచు పట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో నిలబడి సముద్రం వైపు చూస్తుంటారు. పెద్ద కెరటాల వరస దాటిపోయాక, ముక్కు సూటిగా పెట్టి ఒక్క ఊపున తోస్తారు. అయినా ఒక్కోసారి వెనక్కి వచ్చేస్తుంది. వెనక్కి వచ్చిన పడవని చూసి "నేను జాలరిగా పుట్టాల్సింది కాదు" అని ఇసుకలో కూలబడినవాణ్ని నేనింతవరకూ చూడలేదు. ఎందుకు వచ్చిందో చూస్తారు. కెరటం పెద్దదా, ముక్కు పక్కకి తిరిగిందా, అడుగున నీరు కారుతోందా. మూడూ వేరు వేరు సంగతులు. మన మెయిళ్లూ అంతే.

మొదటిది కెరటం. ఎడిటర్ రివ్యూకే పంపకుండా కొద్దిరోజుల్లో తిప్పి పంపేశాడనుకోండి, అంటే డెస్క్ రిజెక్ట్. చాలాసార్లు మీ పని లోతుగా ఎవరూ చదివి ఉండరు. ఆ పత్రికకి సరిపడే విషయం కాకపోవచ్చు, వాళ్ల దగ్గర చోటు లేకపోవచ్చు. ప్లస్ టూ సైన్స్‌లో మనందరం బట్టీ పట్టిన క్రెబ్స్ సైకిల్ (ఒంట్లో కణాలు తిండి నుంచి శక్తి తీసే పద్ధతి) ఉంది కదా, హాన్స్ క్రెబ్స్ 1937లో దాన్ని "నేచర్" పత్రికకి పంపితే, ఏడెనిమిది వారాలకి సరిపడా ఉత్తరాలు (చిన్న పేపర్లని వాళ్లు అలా అంటారు) ఇప్పటికే మా దగ్గర ఉన్నాయని తిప్పి పంపారు. అంతే, చోటు లేదు. ఆయన దాన్ని "ఎంజైమోలోజియా" అనే ఇంకో పత్రికకి పంపారు, అదే ఏడాది అచ్చయింది. 1953లో నోబెల్ వచ్చింది. డెస్క్ రిజెక్ట్ వస్తే ఆ వారంలోనే ఫార్మాట్ మార్చి ఇంకో పత్రికకి పంపెయ్యండి. దీనికి నెల రోజుల సంతాపం అనవసరం.

రెండోది ముక్కు తిరగడం. పని బాగానే ఉంది, కానీ అందులో కొత్తగా ఏముందో చదివేవాడికి తగల్లేదు. భౌతికశాస్త్రవేత్త పీటర్ హిగ్స్ 1964లో తన రెండో పేపరు "ఫిజిక్స్ లెటర్స్"కి పంపితే వద్దన్నారు. ఆయన దానికి కొంచెం చేర్చి "ఫిజికల్ రివ్యూ లెటర్స్"కి పంపారు. బరువున్న కొత్త కణం ఒకటి ఉండాలన్న మాట ఆ చేర్చిన భాగంలోదే! తమాషా ఏంటంటే, వద్దన్న ఎడిటర్ పనిచేసింది సెర్న్‌లో, అంటే యూరప్‌లోని కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో. 2012లో ఆ కణం దొరికిందీ సెర్న్‌లోనే.

ఇక్కడ ఒక మాట. ఈ నోబెల్ కథలు విని "నాదీ అలాంటిదే, లోకానికి అర్థం కాలేదు" అనుకునేవాళ్లుంటారు. వాళ్లతో నాకు భలే ఇబ్బంది. మనలో చాలామంది పడవలు వెనక్కి వచ్చేది మూడో కారణంతోనే. నీరు కారుతోంది.

అది కాస్త దగ్గరగా చూద్దాం. గంజాం జిల్లాలో రుషికుల్య నది ముఖద్వారం దగ్గర జాలరి కుటుంబాల ఆదాయం మీద మీరు పేపరు రాశారనుకోండి. ఆలివ్ రిడ్లే తాబేళ్ల కోసం ప్రతి ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా అక్కడ వేట మీద నిషేధం ఉంటుంది. రివ్యూయర్ అడిగాడు: "సర్వే ఏ నెలలో చేశారు?" మీరు చేసింది ఫిబ్రవరిలో. మీకు ఒళ్లు మండింది, వీడికి మన ఊరి గురించి ఏం తెలుసు అనుకున్నారు. తెలియకపోయినా సరైన చోటే వేలు పెట్టాడు కదా! నిషేధం నెలల ఆదాయాన్ని ఏడాది ఆదాయంగా రాస్తే పడవలోకి నీళ్లు రావా? ఆగస్టులో మళ్లీ వెళ్లి అడగాలి. వెళ్లడం కుదరకపోతే "ఇది నిషేధ కాలపు ఆదాయం మాత్రమే" అని శీర్షిక దగ్గర్నుంచి మార్చాలి.

జవాబు రాసే పద్ధతి కూడా చెప్తా. రివ్యూయర్ వ్యాఖ్యని ఉన్నదున్నట్టు పెట్టండి. దాని కింద మీరేం మార్చారో, ఏ పేజీ, ఏ లైనో రాయండి. ఆయన చెప్పింది తప్పనిపిస్తే ఎందుకు తప్పో ఆధారంతో మర్యాదగా చెప్పండి. అది మీ హక్కు. "గౌరవనీయులైన రివ్యూయర్ గారి అమూల్యమైన సూచనకి శతకోటి వందనాలు" అని ప్రతి పాయింటు కిందా రాయకండి. చదివేవాడికి విసుగు.

పూర్తిగా రిజెక్ట్ అయినా సరే, రివ్యూలు వస్తే ఈ పని చెయ్యండి. దిద్దకుండా అదే పేపరు ఇంకో పత్రికకి పంపితే, చిన్న సబ్జెక్టుల్లో అదే రివ్యూయర్ చేతికి మళ్లీ వెళ్లే అవకాశం ఉంది. చిల్లు పూడ్చకుండా ఇంకో రేవు నుంచి తోసినా పడవ మునుగుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

ఒక పేపరు ఒకేసారి రెండు పత్రికలకి పంపకూడదు, అది తెలిసిందే. కానీ ఒకటి రివ్యూలో ఉండగా ఇంకోటి రాసుకోవచ్చు. ఒక్క పడవ మీదే ఇల్లు నడుస్తుంటే ప్రతి కెరటానికీ గుండె ఆగుతుంది.

మెయిల్ వచ్చిన రోజు జవాబు రాయకండి. అప్పీలు అనేది రివ్యూయర్ పొరపాటుని ఆధారంతో చూపించగలిగితేనే. కోపం వచ్చిందని కాదు.

వాట్సాప్‌లో "డబ్బు కట్టండి, వారంలో పబ్లికేషన్" అనే మెసేజ్‌లు సరిగ్గా మనం ఢీలా పడ్డప్పుడే కంటపడతాయి. ఆ జోలికి పోకండి. యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే యూజీసీ, 2022 నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి ముందు పేపరు అచ్చయి తీరాలన్న షరతు తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా ఏమైనా పెట్టిందేమో ఆఫీసులో అడిగి తెలుసుకోండి. కంగారుతో డబ్బులు తగలెయ్యకండి.

ఇచ్ఛాపురం పెళ్లికి వెళ్తే "ఇంకా చదువేనా?" అని మేనత్త అడుగుతుంది. "రివ్యూలో ఉంది అత్తా" అనండి. ఏ నెలలో అడిగినా దాదాపు నిజమే.

గైడు గారు డ్రాఫ్ట్ నెలల తరబడి చూడకపోతే ఏం చెయ్యాలని చాలామంది అడిగారు. అది వచ్చే వీడియోలో. కామెంట్లలో మాత్రం గైడు పేరు రాయకండి, వాళ్లూ ఈ ఛానల్ చూస్తారు.