అప్‌గ్రేడ్ తరువాత లేవని సర్వర్: ముందుగా చూడవలసినవి సర్టిఫికెట్లు

సభకు నమస్కారం.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కళాశాలల్లో, ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో కంప్యూటర్ వ్యవస్థల నిర్వహణ చూస్తున్న మీ ముందు ఈరోజు ఒకే ఒక సమస్య గురించి మాట్లాడతాను. ఎవరు ఏ యంత్రంలోకి ప్రవేశించవచ్చో, ఎవరికి ఏ అనుమతి ఉందో ఒకే చోట నిర్ణయించే గుర్తింపు నిర్వహణ సర్వర్, అప్‌గ్రేడ్ చేసిన వెంటనే లేవకుండా ఆగిపోవడమే ఆ సమస్య. ఉదాహరణకు ఫ్రీఐపీఏను తీసుకుంటాను. అది ఉచితంగా దొరుకుతుంది కనుక లైసెన్సులకు పెద్ద మొత్తాలు పెట్టలేని మన సంస్థలకు బాగా సరిపోతుంది. రెడ్ హ్యాట్ సంస్థ ఐడెంటిటీ మేనేజ్‌మెంట్ పేరుతో అందించేది కూడా దాని మీద కట్టినదే.

ఇలాంటి సందర్భంలో నిందంతా కొత్త వెర్షన్ మీద పడుతుంది. నిన్నటి దాకా పనిచేసింది, ఈరోజు అప్‌గ్రేడ్ చేశాం, ఆగిపోయింది, కాబట్టి అప్‌గ్రేడే చెడగొట్టింది అని అందరూ అనుకుంటారు. నేను చూసినంతవరకు చాలాసార్లు లోపం అంతకు వారాల ముందు, కొన్నిసార్లు నెలల ముందు పుట్టి ఉంటుంది. అప్‌గ్రేడ్ సేవలన్నిటినీ ఆపి మళ్లీ మొదలుపెడుతుంది కాబట్టి ఆ లోపం ఆరోజు బయటపడుతుంది. ఈ మాట ఎందుకు అంటున్నానో అర్థం కావాలంటే లోపల ఏముందో కొంత తెలియాలి.

ఫ్రీఐపీఏ అనేది ఒక్క ప్రోగ్రామ్ కాదు. వినియోగదారుల వివరాలు 389 డైరెక్టరీ సర్వర్‌లో ఉంటాయి, లాగిన్ టికెట్లను కెర్బెరోస్ ఇస్తుంది, వెబ్ పేజీలను అపాచీ చూపిస్తుంది, సర్టిఫికెట్లను, అంటే తామెవరో నిరూపించుకునే గడువున్న డిజిటల్ గుర్తింపు పత్రాలను, డాగ్‌ట్యాగ్ అనే సర్టిఫికెట్ అధికారి (సీఏ) జారీ చేస్తుంది, వాటి గడువును సర్ట్‌మాంగర్ అనే కాపలాదారు గమనిస్తూ ఉంటుంది. ఈ భాగాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు కూడా సర్టిఫికెట్లు చూపించుకోవాలి. డాగ్‌ట్యాగ్ తన సమాచారమంతా డైరెక్టరీ సర్వర్‌లోనే దాచుకుంటుంది కనుక, అది లేచిన ప్రతిసారీ డైరెక్టరీ సర్వర్ సురక్షిత ద్వారమైన 636వ పోర్టుకు వెళ్లి, తన సబ్‌సిస్టమ్ సర్టిఫికెట్ చూపించి లోపలికి వెళ్లాలి. ఆ సర్టిఫికెట్ గడువు తీరిపోతే తలుపు తెరుచుకోదు. పైగా డాగ్‌ట్యాగ్ మొదలయ్యేటప్పుడు తన సర్టిఫికెట్లను తానే పరీక్షించుకుంటుంది. ఆ స్వీయ పరీక్షలో తప్పితే తనంతట తానే ఆగిపోతుంది. అప్పటికే నడుస్తున్న డాగ్‌ట్యాగ్‌కు మాత్రం, ముందు ఏర్పడిన సంబంధాలు తెగనంత కాలం ఈ ఇబ్బంది తెలియకపోవచ్చు. గడువు దాటిన సర్టిఫికెట్‌తో సర్వర్ కొన్నాళ్లు నడిచినట్టే కనిపించడానికి కారణం ఇదే.

ఈ అంతర్గత సర్టిఫికెట్లకు సాధారణంగా సుమారు 2 సంవత్సరాల గడువు ఉంటుంది, మిగిలినవాటి మీద సంతకం చేసే మూల సర్టిఫికెట్‌కు 20 సంవత్సరాలు. గడువుకు 28 రోజుల ముందు నుంచి సర్ట్‌మాంగర్ పునరుద్ధరణకు ప్రయత్నిస్తుంది. సర్వర్ వెలుగుతూ, డాగ్‌ట్యాగ్ నడుస్తూ, గడియారం సరిగా ఉంటే ఎవరూ ఏమీ చేయనవసరం లేదు. ఆ 28 రోజుల్లో సర్వర్ ఆగి ఉంటే చిక్కు. ఇది ఇక్కడి వారికి దూరపు విషయం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2020లో కోవిడ్ వచ్చి కళాశాలలు నెలల తరబడి మూతబడినప్పుడు ప్రయోగశాలల సర్వర్లను కూడా ఆపివేశారు. మన ప్రాంతంలోని ఒక కళాశాలలో అలాగే జరిగింది. తలుపులు తెరిచాక, ఇన్నాళ్లు భద్రతా సవరణలు వేయలేదు కదా అని సదుద్దేశంతో మొట్టమొదట అప్‌డేట్ నడిపారు. సర్టిఫికెట్లు అప్పటికే గడువు దాటి ఉన్నాయి. అప్‌డేట్ మధ్యలో ఆగింది, విద్యార్థులెవరూ ఏ యంత్రంలోకీ లాగిన్ కాలేకపోయారు, తప్పంతా కొత్త వెర్షన్ ఖాతాలో పడింది.

ఇక అప్‌గ్రేడ్ ఎక్కడ ఆగుతుందో చూద్దాం. ప్యాకేజీలు మారగానే ఐపీఏ-సర్వర్-అప్‌గ్రేడ్ అనే ఆదేశం నడుస్తుంది. అది ముందు డైరెక్టరీలోని సమాచారాన్ని కొత్త రూపానికి మారుస్తుంది, తరువాత సేవల అమరికలను సరిచేస్తుంది, ఆ క్రమంలో డాగ్‌ట్యాగ్‌ను లేపి 300 సెకన్ల దాకా ఎదురుచూస్తుంది. డాగ్‌ట్యాగ్ లేవకపోతే అప్‌గ్రేడ్ అసంపూర్తిగా నిలిచిపోతుంది. తరువాత మీరు సర్వర్‌ను మామూలుగా మొదలుపెట్టబోతే, అప్‌గ్రేడ్ పూర్తి కాలేదని గుర్తించి మళ్లీ అదే ఆదేశం నడుస్తుంది, మళ్లీ అక్కడే ఆగుతుంది. ఒక్క సేవ లేవకపోయినా, సేవలన్నిటినీ కలిపి లేపే, ఆపే ఐపీఏసీటీఎల్ అనే ఆదేశం మిగిలిన సేవలన్నిటినీ కూడా దించేస్తుంది. సర్టిఫికెట్లు జారీ చేసే భాగానికి వచ్చిన జబ్బుకు లాగిన్లు ఆగిపోవడం ఇందువల్లనే.

కాబట్టి అలాంటి ఉదయం మీరు చేయవలసిన మొదటి పని మరమ్మతు కాదు. ఐపీఏసీటీఎల్ స్టార్ట్ ఆదేశానికి వెర్షన్ పరీక్షను దాటవేయమనే ఐచ్ఛికాన్ని, సేవల వైఫల్యాన్ని పట్టించుకోవద్దనే ఐచ్ఛికాన్ని కలిపి ఇవ్వండి. డైరెక్టరీ, కెర్బెరోస్ లేస్తే జనం పని జరుగుతుంది. ఆసుపత్రిలో రోగుల వరుస నిలబడి ఉన్నప్పుడు సర్టిఫికెట్ల చర్చ పెట్టుకోవడం సరి కాదని నా గట్టి నమ్మకం.

పని నడుస్తుండగా లాగ్ చదవండి. అప్‌గ్రేడ్ లాగ్‌లో 300 సెకన్లలో సీఏ మొదలు కాలేదని ఉంటే డాగ్‌ట్యాగ్ అసలు లేవలేదని అర్థం. అప్పుడు డాగ్‌ట్యాగ్ సొంత డీబగ్ లాగ్‌లోకి, స్వీయ పరీక్షల లాగ్‌లోకి వెళ్లాలి. సీఏ రెస్ట్ ఏపీఐ దగ్గర, అంటే ఫ్రీఐపీఏ డాగ్‌ట్యాగ్‌తో మాట్లాడే మార్గం దగ్గర, ధ్రువీకరణ విఫలమైందని ఉంటే మాత్రం డాగ్‌ట్యాగ్ లేచింది, కానీ ఫ్రీఐపీఏ చూపించిన సర్టిఫికెట్‌ను ఒప్పుకోలేదు. ఈ రెండింటినీ ఒకే జబ్బుగా చూసి ఒకే మందు వేయడం వల్ల చాలా సమయం వృథా అవుతోంది. తరువాత సర్ట్‌మాంగర్ కాపలాలోని సర్టిఫికెట్ల జాబితా చూపే గెట్‌సర్ట్ లిస్ట్ ఆదేశం ఇచ్చి ప్రతి సర్టిఫికెట్‌కు గడువు తేదీ, స్థితి రెండూ చూడండి. మానిటరింగ్ అని ఉంటే అది కాపలాలో ఉంది. సీఏ అన్‌రీచబుల్ అని ఉంటే కాపలాదారు అడిగాడు, జారీ చేసేవాడు పలకలేదు.

రెండో రకం జబ్బు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందులో తేదీలన్నీ బాగానే కనిపిస్తాయి. ఫ్రీఐపీఏ తరఫున డాగ్‌ట్యాగ్‌తో మాట్లాడేది ఆర్‌ఏ ఏజెంట్ సర్టిఫికెట్. డైరెక్టరీలో ఐపారా అనే వినియోగదారుడి నమోదు ఉంటుంది. అందులోని వివరణ గడిలో 2 అనే అంకె, ఆ సర్టిఫికెట్ క్రమసంఖ్య, జారీ చేసినవారి పేరు, సొంతదారు పేరు సెమీకోలన్లతో వరుసగా ఉంటాయి. పునరుద్ధరణ జరిగి కొత్త సర్టిఫికెట్ డిస్కు మీదికి వచ్చినా ఈ గడిలో పాత క్రమసంఖ్యే మిగిలిపోతే డాగ్‌ట్యాగ్ తిరస్కరిస్తుంది. బ్యాంకులో నమూనా సంతకం మార్చకుండా కొత్త సంతకంతో చెక్కు ఇచ్చినట్టే ఇది. సబ్‌సిస్టమ్ సర్టిఫికెట్‌కూ, పీకేఐడీబీయూజర్ అనే నమోదుకూ మధ్య కూడా ఇదే పొంతన ఉండాలి. కనుక గడువు ఒక్కటే చూసి సర్టిఫికెట్లు బాగున్నాయని తీర్మానించకండి. డిస్కు మీది క్రమసంఖ్యను, డైరెక్టరీలోని క్రమసంఖ్యను పక్కపక్కన పెట్టి పోల్చండి. ఆడిట్ సంతకపు సర్టిఫికెట్‌కు ఉండవలసిన విశ్వాస గుర్తులు చెరిగిపోయినా స్వీయ పరీక్ష తప్పుతుందని కూడా గుర్తుంచుకోండి.

గడువు నిజంగానే తీరిపోయిన సందర్భంలో చిక్కుముడి ఒకటుంది. కొత్త సర్టిఫికెట్ కావాలంటే డాగ్‌ట్యాగ్ లేవాలి, డాగ్‌ట్యాగ్ లేవాలంటే కొత్త సర్టిఫికెట్ కావాలి. ఒకప్పుడు సర్వర్ గడియారాన్ని గడువుకు ముందున్న రోజుకు వెనక్కి తిప్పి పునరుద్ధరణ జరిపించేవారు. ఆ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ నాకు నచ్చదు. కెర్బెరోస్ సాధారణంగా 5 నిమిషాలకు మించి గడియారాల తేడాను ఒప్పుకోదు కాబట్టి ఆ సమయంలో లాగిన్లు ఆగుతాయి, ప్రతిరూప సర్వర్లతో సమాచార మార్పిడి గందరగోళమవుతుంది, సమయాన్ని సరిచేసే క్రోనీ సేవను ఆపడం మరిచిపోతే చేసిందంతా మధ్యలో చెడుతుంది. 2019లో వచ్చిన 4.8 వెర్షన్‌తో ఐపీఏ-సర్ట్-ఫిక్స్ అనే ఆదేశం వచ్చింది. అది డాగ్‌ట్యాగ్ స్వీయ పరీక్షలను తాత్కాలికంగా పక్కన పెట్టి, గడువు తీరిన అంతర్గత సర్టిఫికెట్లను అక్కడికక్కడే కొత్తగా జారీ చేస్తుంది. నడిపే ముందు పూర్తి బ్యాకప్ తీసుకోవాలి. మూల సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉండాలి. బయటి సంస్థ నుంచి కొన్న సర్టిఫికెట్లను అది ముట్టదు. పని ముగిశాక ఐపీఏసీటీఎల్‌తో సేవలన్నీ పునఃప్రారంభించి, అసంపూర్తిగా మిగిలిన ఐపీఏ-సర్వర్-అప్‌గ్రేడ్‌ను మళ్లీ నడిపి పూర్తి చేయాలి.

ఒకటి కంటే ఎక్కువ సర్వర్లు ఉన్నచోట ఇంకొక జాగ్రత్త అవసరం. ఉమ్మడి సర్టిఫికెట్లను పునరుద్ధరించే బాధ్యత ఒక్క సర్వర్‌దే. మిగిలినవి కొత్త ప్రతిని డైరెక్టరీ నుంచి తెచ్చుకుంటాయి. ఆ బాధ్యత ఉన్న పాత యంత్రాన్ని, పాతబడిందని తీసేసి, బాధ్యతను మరొకదానికి అప్పగించడం మరిచిపోతే అందరూ ఎదురుచూసేవారే అవుతారు, చేసేవారు ఉండరు. ఐపీఏ కాన్ఫిగ్-షో ఆదేశం ఈ బాధ్యత ఎవరిదో చూపిస్తుంది. ఒక్కో సర్వర్‌ను విడివిడిగా పాత స్నాప్‌షాట్‌కు వెనక్కి తీసుకెళ్లడం కూడా ప్రమాదమే, మిగిలిన సర్వర్లతో దాని సమాచారం పొంతన కోల్పోతుంది.

తేదీ, క్రమసంఖ్య రెండూ సరిగా ఉండి కూడా చెల్లని సర్టిఫికెట్లు ఉంటాయి. పాత సర్టిఫికెట్ల సంతకాలకు ఆధారమైన షా-1 పద్ధతిలో ఒకే హ్యాష్, అంటే పత్రం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి విలువ, వచ్చే రెండు వేర్వేరు పత్రాలను 2017 ఫిబ్రవరిలో తయారుచేసి చూపించారు. 2022లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 తన సాధారణ అమరికలో షా-1 సంతకాలను ఒప్పుకోదు. పాత వ్యవస్థ మీద ఏళ్ల తరబడి చెల్లిన సర్టిఫికెట్ గొలుసు కొత్త వ్యవస్థ మీద మొదటి రోజే చెల్లకపోవచ్చు. సర్వర్ పేరు ప్రత్యామ్నాయ పేర్ల గడిలో లేని సర్టిఫికెట్లకూ కొత్త సాఫ్ట్‌వేర్ లైబ్రరీల దగ్గర ఇదే గతి. ఇక్కడ మాత్రం మార్పు కొత్త వెర్షన్‌దే, అయినా ఆ మార్పు మన భద్రత కోసం జరిగినదే. ఆపరేటింగ్ సిస్టమ్ పెద్ద వెర్షన్ మారేటప్పుడు పాత సర్వర్‌నే మార్చకుండా, కొత్త యంత్రాన్ని ప్రతిరూపంగా చేర్చి, బాధ్యతలు దానికి అప్పగించి, ఆ తరువాత పాతదాన్ని తొలగించడమే మేలైన దారి.

విద్యుత్ చాలాసార్లు పోయే చోట మదర్‌బోర్డు బ్యాటరీ కూడా చూడండి. అది అయిపోతే సర్వర్ ఏదో పాత సంవత్సరంలో లేస్తుంది, సర్టిఫికెట్లన్నీ ఇంకా మొదలే కానివిగా కనిపిస్తాయి.

చివరిగా, వెబ్ పేజీ కోసం బయటి సర్టిఫికెట్ కొనుక్కుంటున్నవారికి. 2025 ఏప్రిల్‌లో, సర్టిఫికెట్ సంస్థలు, బ్రౌజర్ తయారీదారులు కలిసి నియమాలు చేసే సీఏ బ్రౌజర్ ఫోరం ఆమోదించిన నిర్ణయం ప్రకారం ఆ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. ఏడాదికొకసారి ఎవరో ఒకరు చేతితో మార్చే ఏర్పాటు ఇక నిలవదు. ఆ సర్వర్లను ఏక్మే పద్ధతితో స్వయంచాలకంగా పునరుద్ధరించుకునేలా మార్చాలి, లేదా లోపలి వాడకానికైతే ఫ్రీఐపీఏ సొంత సర్టిఫికెట్‌కే తిరిగి రావాలి. మీ సర్వర్లలో ఏది ఎవరు జారీ చేసిన సర్టిఫికెట్‌తో నడుస్తోందో తేల్చుకోవడానికి గెట్‌సర్ట్ లిస్ట్‌ను, సర్వర్ ఆరోగ్యాన్ని పరీక్షించే ఐపీఏ-హెల్త్‌చెక్‌ను ఇప్పుడు ఈ పరీక్షా యంత్రం మీద నడిపి, వచ్చిన ఫలితాన్ని వరుసగా చదువుదాం.