వీసా అడగని దేశానికి మా నలుగురి ప్రయాణం

నమస్తే అండీ అందరికీ. మా డైనింగ్ టేబుల్ మీద నాలుగు పాస్‌పోర్టులు కనిపిస్తున్నాయి కదా. ఒకటి మా ఆయనది, ఒకటి నాది, పువ్వు స్టిక్కర్ అంటించింది మా పాపది. ప్లాస్టిక్ కవర్ వేసి భద్రంగా దాచుకున్నది మా అత్తయ్యది. మాల్దీవులకి బయల్దేరే ముందు ఆదివారం రాత్రి తీసిన వీడియో ఇది. పదకొండు దాటినా ఎవరూ పడుకోలేదు.

"మాల్దీవులకి వీసా అక్కర్లేదంట కదా, టికెట్ కొనేసుకుని వెళ్లిపోవడమేగా" అని చాలామంది మెసేజ్ పెట్టారు. మన పాస్‌పోర్టుకి ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు, అది నిజమే. దాదాపు అన్ని దేశాలవాళ్లకీ దిగగానే 30 రోజుల వీసా ఉచితంగా ఇస్తారు. భారతీయులకి అంతకంటే వెసులుబాటు ఎక్కువ. 2018 డిసెంబరులో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది, 2019 మార్చి నుంచి అది అమల్లో ఉంది. దాని ప్రకారం టూరిస్టుగా 90 రోజుల వరకూ ఉండొచ్చు. కానీ దుబాయ్‌లో ఉండే మాలాగా వేరే దేశంలో ఉంటూ అక్కణ్ణుంచి బయల్దేరేవాళ్లు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. మాల్దీవులు మనల్ని రానిస్తుందా అన్నది ఒకటైతే, అక్కణ్ణుంచి వెనక్కి వచ్చే దారి తెరిచి ఉందా అన్నది ఇంకొకటి. ఈ రెండోదాని దగ్గరే మేం బోల్తా పడబోయాం.

అత్తయ్య దుబాయ్‌కి అరవై రోజుల విజిట్ వీసా మీద వచ్చారు. ఆవిడ ఉండగానే నలుగురం ఎక్కడికైనా వెళ్దామని మా ఆయన అన్నారు. నాలుగు రోజులు మాల్దీవులు, తిరిగి దుబాయ్, ఆ తర్వాత ఇంకో ఇరవై రోజులు మాతో ఉండి ఆవిడ ఇంటికి వెళ్తారు. ఇదీ మా ప్లాన్. టికెట్ల పేజీ తెరిచి, కార్డు నంబరు కొట్టబోతూ, ఎందుకో ఒకసారి ఆవిడ వీసా కాగితం తీసి చూశాను. అందులో 'సింగిల్ ఎంట్రీ' అని ఉంది.

సింగిల్ ఎంట్రీ అంటే ఒక్కసారే లోపలికి రానిస్తారు. ఆ వీసాతో ఆవిడ యూఏఈ దాటి బయటికి వెళ్తే, ఇంకా ముప్ఫై రోజులు మిగిలున్నా సరే, వీసా అక్కడితో అయిపోయినట్టే. మళ్లీ రావాలంటే కొత్త వీసా తీసుకోవాలి. అరవై ఎనిమిదేళ్ల మనిషిని మాల్దీవుల రాజధాని మాలె ఎయిర్‌పోర్టులో "మీకు దుబాయ్ వీసా లేదు" అని ఆపేస్తే? ఆ ఊహకే నాకు చేతులు చల్లబడ్డాయి. మీ అమ్మానాన్నల్నో, అత్తమామల్నో విజిట్ వీసా మీద పిలిపించుకుని పక్క దేశం తిప్పుదామనుకుంటుంటే, ముందు ఆ కాగితం మీద సింగిలా మల్టిపులా అన్నది చూడండి. టికెట్ సంగతి ఆ తర్వాత.

కొత్త వీసా ఖర్చూ, ఆ టెన్షనూ ఎందుకని ప్రయాణాన్నే వెనక్కి జరిపాం. అత్తయ్య వెళ్లిపోయే వారానికి మాల్దీవులు పెట్టుకున్నాం. మేం ముగ్గురం మాలె నుంచి దుబాయ్‌కి, ఆవిడ మాలె నుంచి బెంగళూరుకి, అక్కడ విమానం మారి విజయవాడకి. మాల్దీవులవాళ్లకి కావల్సింది దేశం దాటే టికెట్. అది ఎక్కడికన్నది వాళ్లకి ముఖ్యం కాదు. బెంగళూరులో ఒంటరిగా మారాలి కాబట్టి వీల్‌చైర్ సాయం కావాలని టికెట్‌తోపాటే పెట్టించాం. ఆవిడ బాగానే నడుస్తారు. కానీ వీల్‌చైర్ తోసుకెళ్లే మనిషి పక్కనుంటే ఇమ్మిగ్రేషన్ ఎటు, బ్యాగులు ఎటు అని వెతుక్కోనక్కర్లేదు.

పాప పాస్‌పోర్టు సంగతి కూడా చెప్పాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది. మనది పదేళ్లు కాబట్టి వాళ్లదీ అంతే అన్నట్టు ఉండిపోతాం. మాల్దీవుల నిబంధన ప్రకారం పాస్‌పోర్టుకి కనీసం ఒక నెల గడువుంటే చాలు. అయినా ఎయిర్‌లైన్ కౌంటర్లలో ఆరు నెలలు అడగడం మామూలు. పాపకి నాలుగు నెలలే ఉందని రెన్యూ చేయించాం. రెన్యూ చేయిస్తే పని అయిపోలేదు, ఎందుకంటే పాస్‌పోర్టు నంబరు మారిపోతుంది. యూఏఈలో ఇప్పుడు పాస్‌పోర్టులో రెసిడెన్స్ వీసా స్టిక్కర్ వెయ్యరు, అంతా సిస్టంలోనే ఉంటుంది. కొత్త నంబరు ఆ రికార్డులో ఎక్కించకపోతే తిరిగొచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర పాప రెసిడెన్స్ కనిపించదు. ముందు అది అప్‌డేట్ చేయించి, పాత పాస్‌పోర్టు కూడా వెంట పెట్టుకున్నాం.

ఇక ఆదివారం రాత్రి అసలు పని. దాని పేరు ఇముగా. మాల్దీవుల ఇమ్మిగ్రేషన్ వాళ్ల ఆన్‌లైన్ ఫారం. విమానం బయల్దేరడానికి ముందు 96 గంటల లోపే నింపాలి, అంటే నాలుగు రోజులు. వారం ముందే చేసేసి ఊపిరి పీల్చుకుందామంటే కుదరదు. వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి, మనిషికొకటి చొప్పున నింపాలి. చంటిపిల్లలకైనా సరే.

ఇది పూర్తిగా ఉచితం. దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. గూగుల్‌లో వెతికితే అచ్చం ప్రభుత్వ సైటులాగే కనిపించేవి పైన వస్తాయి. 'అరైవల్ కార్డు ప్రాసెసింగ్' అని డాలర్లు అడుగుతాయి. మాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే తలకింత అని కట్టేసింది. అసలు సైటు అడ్రస్ జీవోవీ డాట్ ఎంవీ (gov.mv)తో ముగుస్తుంది. డబ్బు అడిగిందంటే వెంటనే ఆ పేజీ మూసెయ్యండి.

ఫారంలో అడిగేవి కష్టమైనవేం కాదు. ఫ్లైట్ నంబరు, ఉండబోయే చోటు, పాస్‌పోర్టు వివరాలు, ఫొటో. అత్తయ్యని హాల్లో తెల్లగోడ ముందు నిలబెట్టి ఫొటో తీశాను. బొట్టు సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నారు. తడబాటంతా పేరు దగ్గరే వచ్చింది. మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం, ఫారంలో ఆ గడి ఎక్కడో ఉంటుంది. ఆవిడ పేరులో రెండు మాటలున్నాయి. టికెట్‌లో ఆ రెండూ కలిపేసి ఒకటే మాటగా వచ్చింది, పాస్‌పోర్టులో విడిగా ఉంది. ఎలా నింపాలని కాసేపు తర్జనభర్జన పడి, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు దించాం. అంతకంటే సొంత తెలివి పెట్టకూడదు.

నంబరు దగ్గర మా ఆయన ఓ చిన్న కిటుకు చెప్పారు. మన పాస్‌పోర్టు నంబర్లో మొదట ఒక్కటే ఇంగ్లిష్ అక్షరం, ఆ తర్వాత ఏడూ అంకెలే. కాబట్టి మధ్యలో గుండ్రంగా ఏది కనిపించినా అది సున్నాయే, 'ఓ' అక్షరం కానే కాదు. పాప వేలు పెట్టి ఒక్కో అంకె చదువుతుంటే నేను కొట్టాను. నాలుగు క్యూఆర్ కోడ్లు వచ్చేసరికి పన్నెండున్నర. ఫోన్లో సేవ్ చేసి, ప్రింట్ కూడా తీశాను. అత్తయ్యది మాత్రం ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే పెట్టాను, ఆవిడ కాగితం ఆవిడ దగ్గర ఉంటేనే ధైర్యం.

బుధవారం సాయంత్రం సర్దుకునేటప్పటి సంగతి కెమెరాలో తియ్యలేదు, తియ్యబుద్ధి కాలేదు. మాటల్లోనే చెప్తాను.

అత్తయ్య ఎక్కడికెళ్లినా ఒక చిన్న ఇత్తడి వెంకటేశ్వరస్వామి విగ్రహం వెంట ఉంటుంది. బొటనవేలంత ఉంటుందేమో. మామయ్యగారు కొన్నది. తుడిచీ తుడిచీ ముఖం దగ్గర నునుపు తేలిపోయింది. దాన్ని జేబురుమాల్లో చుట్టి చీరల మధ్య పెడుతుంటే నేను చూశాను. మాల్దీవులు ఇస్లాం దేశం. మద్యం, పంది మాంసంతోపాటు పూజా విగ్రహాలు కూడా దేశంలోకి తేకూడదని అక్కడి కస్టమ్స్ నిబంధన. దిగాక మన బ్యాగులన్నీ ఎక్స్‌రేలోంచి వెళ్లాల్సిందే.

ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక కాసేపు గుమ్మం దగ్గరే నిలబడ్డాను. చెప్పాక ఆవిడేం అనలేదు. రుమాలు విప్పి, మా వంటింటి పక్కన పూజ అరలో స్వామిని పెట్టి, "వాళ్ల ఇంటికి వెళ్తున్నాం తల్లీ, వాళ్ల పద్ధతి ప్రకారమే వెళ్దాం. స్వామి మీ దగ్గర ఉంటారులే, వచ్చాక దీపం పెట్టండి" అన్నారు. ఆవిడ ఇటు తిరిగి రావట్లేదు కదా, అక్కణ్ణుంచే ఊరెళ్లిపోతారు. మేం ఊరొచ్చేటప్పుడు తెచ్చివ్వాలి. నాకు గొంతు పట్టేసింది.

మిగతా సామాను విషయంలో పెద్ద గొడవేం లేదు. దుబాయ్ డ్యూటీ ఫ్రీలో మద్యం కొని అక్కడికి తీసుకెళ్లకూడదు. 2024 నవంబరు నుంచి వేప్‌లు, అంటే ఈ-సిగరెట్లు కూడా నిషేధం, టూరిస్టులకైనా సరే. డ్రోన్‌కి ముందే అనుమతులు కావాలి కాబట్టి దాన్ని ఇంట్లో వదిలేశాను, అందుకే ఈ వీడియోలో పైనుంచి తీసిన షాట్లు ఉండవు. అత్తయ్య బీపీ మాత్రలు డాక్టర్ చీటీతో సహా, అట్టల్లోంచి తియ్యకుండా పెట్టాం. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో యెల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి వస్తే టీకా సర్టిఫికెట్ అడుగుతారు. దుబాయ్ నుంచి, మన దేశం నుంచి వెళ్లేవాళ్లకి ఆ బాధ లేదు.

గురువారం దుబాయ్ చెకిన్ కౌంటర్ దగ్గర అన్నిటికంటే ఎక్కువ ప్రశ్నలు ఎదురయ్యాయి. మాల్దీవుల ఇమ్మిగ్రేషన్‌లో కూడా అన్ని అడగలేదు. తిరుగు టికెట్, గెస్ట్‌హౌస్ బుకింగ్, ఇముగా, అన్నీ చూశారు. "ఈవిడకి దుబాయ్ తిరుగు టికెట్ లేదేం?" అని అడిగారు. బెంగళూరు టికెట్ చూపించాం. ఆ అమ్మాయి చూసి తలూపింది. మనల్ని అక్కడ దింపాక వెనక్కి పంపిస్తే ఆ భారం ఎయిర్‌లైన్ మీదే పడుతుంది, అందుకే వాళ్లు అంత గట్టిగా చూస్తారు.

విమానం నాలుగు గంటల పైచిలుకు. మాలె దగ్గర వెలానా ఎయిర్‌పోర్టు హుల్హులే అనే దీవి మీద ఉంది. కిటికీలోంచి చూస్తే రన్‌వే రెండు పక్కలా నీళ్లే. బోర్డుల మీద కుడి నుంచి ఎడమకి రాసే వాళ్ల భాష లిపి, తానా. పాప దాన్ని చూసి "అమ్మా, ఇది ముగ్గులాగా ఉంది" అంది. ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు అత్తయ్యని "ఎన్ని రోజులు?" అని అడిగాడు. ఆవిడ నాలుగు వేళ్లు చూపించారు. స్టాంప్ పడింది. అంతే. తర్వాత ఎక్స్‌రే బెల్టు మీద ఆవిడ పెట్టె వెళ్తుంటే ఆవిడ దాన్నే చూస్తూ నిలబడ్డారు. నేనూ అటే చూశాను. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

మేం ఉన్నది మాఫుషిలో, రిసార్టులో కాదు. స్పీడ్ బోటులో ముప్పావుగంట లోపే వెళ్లిపోయాం. స్థానికులుండే దీవి కాబట్టి వీధుల్లో ఒళ్లు కప్పుకునే బట్టలు వేసుకోవాలి, స్విమ్ సూట్లకి విడిగా ఒక బీచ్ ఉంది. అత్తయ్య తన నేత చీరలో వీధంతా తిరిగారు, ఎదురైన ఆడవాళ్లందరూ నవ్వుతూ పలకరించారు.

డబ్బు సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. రూమ్ రేటు కాకుండా గ్రీన్ ట్యాక్స్ అని ఉంటుంది. 2025 జనవరి నుంచి యాభై లోపు గదులున్న గెస్ట్‌హౌస్‌లలో మనిషికి రోజుకి 6 డాలర్లు, రిసార్టుల్లో 12. మాకు నలుగురికి నాలుగు రాత్రులకి 96 డాలర్లు అయింది. 2024 డిసెంబరు నుంచి ఎకానమీలో వెళ్లే విదేశీయులకి డిపార్చర్ ట్యాక్స్ 50 డాలర్లు, ఎయిర్‌పోర్ట్ డెవలప్‌మెంట్ ఫీజు ఇంకో 50. ఇవి టికెట్‌లోనే కలిసుంటాయి, విడిగా కట్టక్కర్లేదు. బుక్ చేసేటప్పుడు టికెట్ ఇంత ఎక్కువేంటి అనిపిస్తే కారణం అదే.

చివరి రాత్రి మళ్లీ ఇముగా, మళ్లీ నాలుగు ఫారాలు. ఈసారి అత్తయ్యే పక్కన కూర్చుని తన పాస్‌పోర్టు నంబరు చూడకుండా చెప్పారు. పాప ఏరుకున్న గవ్వల డబ్బాలో రెండు తెల్లటి ముక్కలు కనిపించాయి, పగడాలవి. అవి బయటికి తీసుకెళ్లకూడదని చెప్తే, గవ్వలతో సహా డబ్బా మొత్తం తీసుకెళ్లి నీళ్ల అంచున ఒక్కొక్కటే పెట్టి వచ్చింది.

సోమవారం ఎయిర్‌పోర్టులో బెంగళూరు ఫ్లైట్ ముందు, మాది రెండు గంటల తర్వాత. వీల్‌చైర్ అబ్బాయి వచ్చాడు. క్యూఆర్ కాగితం, పాస్‌పోర్టు, రెండు బోర్డింగ్ పాసులు వరసగా ఒకే కవర్లో పెట్టి ఆవిడ ఒళ్లో పెట్టాను. "జాగ్రత్త తల్లీ" అని నాతో, "నాన్నని విసిగించకు" అని పాపతో అన్నారు. కొడుకు చెయ్యి మాత్రం చాలాసేపు పట్టుకున్నారు.

ఆవిడ రాత్రికి విజయవాడలో దిగారు. మేం ఇంటి తాళం తీసి పెట్టెలు లోపల పెట్టేలోపే వీడియో కాల్ వచ్చింది. ఎలా చేరారు, బెంగళూరులో ఇబ్బంది ఏమైనా అయిందా అని నేను అడుగుతున్నాను. ఆవిడ, "అవన్నీ తర్వాత చెప్తాలే, ముందు ఫోను పూజ దగ్గరికి తిప్పు" అన్నారు. తిప్పాను. పాప కుర్చీ ఎక్కి దీపం కుందిలో నూనె పోస్తోంది.